చేపలకంటే ముందు నీరు



ధర్మవరం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం రెండు నెలలుగా నా బల్లమీద ఉంది. ఆమె భర్త కువైట్‌లో పనిచేస్తున్నారు. ఒక సెలవురోజున ఆయన సాల్మియాలోని సైంటిఫిక్ సెంటర్‌కు వెళ్లి, అక్కడి సముద్రజీవుల గాజుతొట్ల ముందు నిలబడి తీసిన వీడియోను ఇంటికి పంపారట. ఆనాటి నుంచి పన్నెండేళ్ల కుమారుడు తమ ఇంట్లో కూడా అటువంటిదే పెట్టాలని పట్టుబట్టి కూర్చున్నాడు. "మామూలు చేపల తొట్టి చాలదంటున్నాడు. పగడాలు, రంగుచేపలు ఉండే ఉప్పునీటి తొట్టే కావాలట. మన కరువు ఊళ్లలో ఇది సాధ్యమేనా? ఎంత ఖర్చవుతుంది? అసలు ఇది దుబారా కిందికి రాదా?" అని ఆమె అడిగారు.

వెంటనే సమాధానం రాయలేకపోవడానికి కారణం ఉంది. ఈ విషయంలో నేను ఒకసారి తప్పు చేశాను. దాన్ని దాచిపెట్టి సలహాలు మాత్రం రాయడం సబబుగా తోచలేదు.

మా చెల్లెలి కుమారుడు ఇంటర్మీడియట్ చదువు నిమిత్తం అనంతపురంలో మా ఇంట్లోనే ఉండేవాడు. వాడికీ ఇదే కోరిక. రెండు పండుగల ఈదీ సొమ్ము కూడబెట్టుకుని, తక్కువ పడినది నన్ను వేయమన్నాడు. ముప్పై ఏళ్లు పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు బోధించినవాణ్ణి. పిల్లవాడు జ్ఞానాన్నిచ్చే వ్యాపకానికి డబ్బు అడుగుతున్నాడని సంతోషించాను. ఇద్దరం బెంగళూరు వెళ్లాము. అక్కడ ఒక దుకాణదారుడు తొట్టి, పంపు, దీపం, ఉప్పు సంచీ, నాలుగు చేపలు ఇచ్చి, చిన్న సీసాలో ఏదో ద్రవం కూడా చేతిలో పెట్టాడు. అది పోస్తే అదే రోజు చేపలను వదలవచ్చునన్నాడు. నమ్మాను. తొమ్మిదో రోజుకు నాలుగు చేపలూ చనిపోయాయి.

నీళ్లు మాత్రం అద్దంలా తేటగా ఉన్నాయి. మా అమ్మ, అంటే పిల్లవాడికి నానీ, తొట్టి ముందు కూర్చుని ఉర్దూలో ఒకే ఒక మాట అడిగింది: "నీళ్లు ఇంత శుభ్రంగా ఉన్నాయి కదా బేటా, మరి ఇవి దేనివల్ల చచ్చిపోయాయి?" ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. వాడు ఆ పూట అన్నం ముట్టలేదు. అనస్ (రజి) గారి తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్నపిట్టను పెంచుకోవడం, అది చనిపోయి బాలుడు దిగులుగా ఉన్నప్పుడు దైవప్రవక్త (స) అతణ్ణి ప్రేమగా పలకరించడం హదీసు గ్రంథాల్లో ఉన్న విషయమే. ఆ సంఘటన చెప్పి వాణ్ణి ఓదార్చాను. అమ్మ అంతటితో వదలలేదు. పిల్లిని బంధించి, తిండి పెట్టక, తిననివ్వక చంపిన స్త్రీ సంగతి కూడా చెప్పమంది. అది వాడికి కాదు, నాకు.

చేపలను పెరట్లోని సీతాఫలం చెట్టు కింద పాతిపెట్టాము. తొట్టిలోని నీళ్లు వృథా కాకూడదని, ఆ చెట్టు మొదట్లోనే పోశాము. రెండు నెలలు తిరగకుండా చెట్టు ఆకులు అంచుల నుంచి మాడడం మొదలై, ఆ వేసవి చివరికి పూర్తిగా ఎండిపోయింది. నాలుగు చేపలు, ఒక చెట్టు. ఆ తరువాతనే నేను పుస్తకాలు తెరిచాను.

అమ్మ ప్రశ్నకు జవాబు ఇది. చేప ఊపిరి తీసుకుంటున్నప్పుడు మొప్పల ద్వారా, మిగిలిన మేత కుళ్లుతున్నప్పుడు నీటిలోకి అమ్మోనియా చేరుతుంది. అది కంటికి కనిపించదు. సముద్రజలం కొద్దిగా క్షారగుణం కలిగి ఉంటుంది, దాని పి.హెచ్. 8.1 నుంచి 8.3 వరకు, ఆ స్థితిలో అమ్మోనియా విషప్రభావం మామూలు నీటిలోకంటే ఎక్కువ. సముద్రంలోనైతే రాళ్లమీద, ఇసుకలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు దాన్ని ముందు నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపను చంపుతాయి. మూడవది కొంతవరకు భరించదగినది. కొత్త తొట్టిలో ఆ సూక్ష్మజీవులు ఉండవు. అవి వచ్చి, స్థిరపడి, పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మేము చేపలను వదిలింది నివాసయోగ్యం కాని ఇంట్లోకి. నీటి తేటదనానికీ, ఆ నీరు జీవానికి పనికిరావడానికీ సంబంధం లేదు. అనంతపురం జిల్లావాసులకు ఇది కొత్త విషయమేమీ కాదు. ఫ్లోరైడ్ ఉన్న బోరునీరు కూడా తేటగానే ఉంటుంది. దాన్ని తాగిన తరాల ఎముకలు మాత్రం వంగిపోయాయి.

ఏడాది తరువాత వాడు మళ్లీ అడిగాడు. ఈసారి ఒక షరతు పెట్టాను: నలభై రోజులపాటు తొట్టిలో నీళ్లు, రాళ్లు తప్ప ప్రాణి ఉండకూడదు. సూక్ష్మజీవులకు ఆహారంగా అమ్మోనియా కావాలి కనుక, స్వచ్ఛమైన అమ్మోనియం క్లోరైడ్‌ను కొలిచి కరిగించాము. ఇది మన ఇళ్లలోని పెద్దలకు తెలిసిన పదార్థమే. రాగి దేగిసాలకు కళాయి వేసే కళాయిగార్లు వాడే నవాసాగరం ఇదే. అయితే కళాయికి వాడే సరుకులో మలినాలుంటాయి, ప్రయోగశాలకు అమ్మే శుద్ధమైనదే వాడాలి. లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా ఉండేలా కలిపి, రోజూ పరీక్షా ద్రావణంతో చూసి, నోటుపుస్తకంలో రాయడం వాడి పని. ఇంటికి వచ్చిన ప్రతి బంధువూ ఖాళీ తొట్టిని చూసి, "చేపలు ఎక్కడ మియా?" అని నవ్వేవారు. వాడు సిగ్గుపడుతూనే రాసుకుంటూ పోయాడు. పదకొండో రోజు వరకు అంకె కదలలేదు. తరువాత అమ్మోనియా తగ్గి, నైట్రైట్ పెరిగి, అదీ తగ్గింది. ముప్పై ఎనిమిదో రోజున, కలిపిన 2 మిల్లీగ్రాములూ ఇరవై నాలుగు గంటల్లో మాయమై, నైట్రైట్ కూడా సున్నా చూపింది. ఆ రోజు వాడి ముఖంలో కనిపించిన ఆనందం తరువాత చేపలు వచ్చిన రోజున కూడా కనిపించలేదు.

ఇక నీటి సంగతి. మనది సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల. ఏ దిక్కుకు వెళ్లినా సముద్రం 250 కిలోమీటర్లకు తక్కువ దూరంలో లేదు. కనుక సముద్రజలాన్ని ఇంట్లోనే తయారు చేసుకోవలసి ఉంటుంది. వంట ఉప్పు కలిపితే సముద్రజలం కాదు. లీటరు సముద్రజలంలో సుమారు 35 గ్రాముల లవణాలుంటే, అందులో మెగ్నీషియం 1300 మిల్లీగ్రాముల దాకా, కాల్షియం, పొటాషియం చెరి 400 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. వీటిని సరైన పాళ్లలో కలిపిన అక్వేరియం ఉప్పు విడిగా దొరుకుతుంది. మా తొట్టి 75 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు. రాళ్లు పోగా అందులో పట్టే నీరు దాదాపు 100 లీటర్లు. మొదటిసారి నింపడానికి నాలుగు కిలోలకు కొంచెం తక్కువ ఉప్పు పట్టింది. లవణీయతను కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న దుర్భిణి వంటి సాధనం కొనండి. చౌకగా వచ్చే తేలుడు ముల్లు మమ్మల్ని ఒకసారి మోసం చేసింది.

ఉప్పు కలపడానికి ముందు నీరు దాదాపు పూర్తిగా లవణరహితంగా ఉండాలి. మన బోరునీటి టి.డి.ఎస్. చాలాచోట్ల వెయ్యికి పైనే. ఇంట్లోని ఆర్.ఓ. యంత్రం చాలునని అనుకుంటాము; కానీ తాగేనీటికి రుచి కోసం అందులో కొంత మామూలు నీటిని తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది, టి.డి.ఎస్. యాభైకో వందకో తేలుతుంది. మనుషులకు అది మంచిదే. తొట్టికి మాత్రం ఆ నీటిని రెసిన్ నింపిన మరో గొట్టం గుండా పంపి సున్నాకు తేవాలి. లేకపోతే నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికా పోగుపడి గాజుకు గోధుమరంగు నాచు పడుతుంది. మనం భయపడే ఫ్లోరైడ్ ఇక్కడ దోషి కాదు. సహజ సముద్రజలంలోనే లీటరుకు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది.

ఆర్.ఓ. లీటరు నీరు ఇవ్వడానికి మామూలుగా మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. వారానికి పది లీటర్ల పాత నీరు తీసి కొత్తది పోయడానికి, ఆవిరైన నీటిని భర్తీ చేయడానికి కలిపి మాకు ఇరవై నుంచి ఇరవై ఐదు లీటర్లు కావాలి. అంటే వదిలేసే నీరు అరవై, డెబ్భై లీటర్లు. దాన్ని ఒక డ్రమ్ములో పట్టి ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి వాడుతున్నాము. సోదరి దుబారా మాట ఎత్తారు కనుక ఇంత వివరంగా లెక్క చెబుతున్నాను. ఈ లెక్క వేయకుండా, ఆ నీటిని మోరీలోకి వదిలేస్తూ, ట్యాంకరు కోసం వీధిలో బిందెలు వరుసపెట్టే ఊళ్లో ఈ వ్యాపకం పెట్టుకుంటే అది దుబారాయే. లెక్క వేసి, పట్టి, వాడితే వేరు. వేసవిలో మన ఇళ్లలోని కూలర్ ఒక్క మధ్యాహ్నం ఆవిరి చేసే నీరు, ఈ తొట్టికి వారానికి పోసే నీటికి ఇంచుమించు సరిపోతుంది.

ఆవిరి విషయంలోనే కొత్తవారు ఎక్కువగా పొరపాటు పడతారు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు తొట్టిలోనే నిలిచిపోతుంది. మా ఇంట్లో ఏప్రిల్, మే నెలల్లో రోజుకు రెండు లీటర్లు తగ్గేది. వారంపాటు ఎవరూ పట్టించుకోకపోతే 35 ఉండవలసిన లవణీయత 40 దాటుతుంది. తగ్గిన మేరకు మంచినీరే, అంటే లవణాలు తీసిన నీరే పోయాలి. ఉప్పునీరు పోస్తే రోజురోజుకూ ఉప్పు పెరుగుతూ పోతుంది. బోరునీటితో ఏళ్లతరబడి తడిపిన పొలాలు చౌడు పట్టడం వెనుక ఉన్నది ఇదే సూత్రం. నీరు ఎండకు ఎగిరిపోతుంది, అది తెచ్చిన లవణం మట్టిలో మిగులుతుంది. నా సీతాఫలం చెట్టును చంపింది కూడా అదే. తీసేసిన పది లీటర్లలో 350 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఏడాదికి 18 కిలోలు. ఆ నీటిని చెట్లకు, పెరటికి, ఇంకుడుగుంతకు పోయకండి. మురుగుకాలువలోకే పంపండి.

మన పొడిగాలి ఇబ్బందితో పాటు ఒక సహాయం కూడా చేస్తుంది. పగడపు దిబ్బల చేపలకు 25 నుంచి 27 డిగ్రీల వేడి హితకరం. మన ఎండాకాలం 40 దాటుతుంది. నీటిని చల్లబరిచే యంత్రం ఖరీదైనది, కరెంటు కూడా ఎక్కువ తాగుతుంది. సముద్రతీరపు ఊళ్లలో గాలి తేమగా ఉంటుంది కనుక వారికి అది తప్పనిసరి కావచ్చు. మాకు ఒక చిన్న ఫ్యాను నీటి ఉపరితలం మీదికి ఏటవాలుగా వీస్తే చాలు, మూడు డిగ్రీలు తగ్గింది. కూజాలో నీళ్లు చల్లబడే పద్ధతే ఇది. దాని మూల్యం ఎక్కువ ఆవిరి, అంటే ఎక్కువ భర్తీ. చలికాలపు రాత్రులకు చిన్న హీటరు ఒకటి చాలు.

మిగతా పరికరాల గురించి ఎక్కువ చెప్పను. నీటిని గంటకు పది ఇరవై రెట్లు తిప్పే పంపు ముఖ్యం. పగడాలు లేనప్పుడు ఖరీదైన దీపం అక్కరలేదు. వారంవారం నీరు మారుస్తుంటే ఇంత చిన్న తొట్టికి ప్రోటీన్ స్కిమ్మర్ లేకపోయినా నడుస్తుంది. అన్నీ కలిపి రోజుకు ఒక యూనిట్ లోపే కాలుతుంది. కరెంటు పోయినప్పుడు నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు ఇంట్లో ఉండి తీరాలి. బరువు 150 కిలోలు దాటుతుంది, కనుక బల్ల గట్టిగా, సమతలంగా ఉండాలి. పిల్లలున్న ఇల్లు కాబట్టి ఒక మాట నొక్కి చెబుతాను: ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది. ప్రతి తీగనూ ప్లగ్గుకంటే కిందికి వేలాడేలా వంచి పెట్టండి, తీగ వెంట జారిన నీటిచుక్క ప్లగ్గులోకి పోకుండా ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఆర్.సి.సి.బి. లేని ఇంట్లో ముందు అది పెట్టించి, తరువాతే తొట్టి మాట ఎత్తండి.

అబ్బాయి కోరినది పగడాలు. సోదరీ, ఇక్కడ మాత్రం వాడికి లేదని చెప్పవలసి ఉంటుంది.

పగడం అనగానే మనకు ఉంగరంలోని ఎర్రరాయి గుర్తుకు వస్తుంది. అర్రహ్మాన్ సూరాలో ముత్యాలతో పాటు వచ్చే 'మర్జాన్' అనే మాటను చాలామంది పగడమనే అనువదిస్తారు. అయితే దిబ్బలు కట్టే పగడం రాయి కాదు, మొక్కా కాదు, అది ప్రాణి. ఆవగింజంత జీవులు వేలాదిగా కలిసి, తమ శరీరంలో ఆశ్రయమిచ్చిన సూక్ష్మశైవలాలు ఎండనుంచి తయారు చేసే ఆహారంతో బతుకుతూ, కింద సున్నపు గూడు కట్టుకుంటాయి. మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలు కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ ప్రాంతాలలోనే ఉన్నాయి. గోదావరి, కృష్ణా నదులు ఒండ్రుమట్టి తెచ్చి కలిపే మన తీరంలో అవి పెరగలేవు. మన్నార్ సింధుశాఖలో ఒకప్పుడు సున్నం కోసం పగడాన్ని విచ్చలవిడిగా తవ్వారు. అలలను అడ్డుకునే దిబ్బ లేక అక్కడి 21 చిన్న దీవులలో రెండు నీట మునిగాయి. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016 సంవత్సరాలలోనూ, మళ్లీ 2024లోనూ సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబారాయి. ఒకటి రెండు డిగ్రీల వేడి కొన్ని వారాలు నిలిస్తే చాలు, ఆ శైవలాలు వెళ్లిపోతాయి, పగడం ఆకలితో చస్తుంది.

అందుకే దిబ్బలు కట్టే రాతిపగడాలన్నిటినీ, నల్లపగడాన్ని, నిప్పుపగడాన్ని, సముద్రపు విసనకర్రలను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూలులో 2001లో చేర్చారు. సముద్రగుర్రాలకు కూడా అదే ఏడాది అదే రక్షణ లభించింది. మన సముద్రంనుంచి వాటిని తీయడం, అమ్మడం, కొనడం నేరం. విదేశీ పగడాలకు అంతర్జాతీయ ఒప్పందం వర్తిస్తుంది, సరైన అనుమతిపత్రాలు లేకుండా తేరాదు. దుకాణంలో "ఏం ఫరవాలేదు, అందరూ కొంటున్నారు" అంటారు. మాకూ అన్నారు. రసీదు రాసివ్వమని అడిగితే మాట మార్చారు. మరొక విషయం: కువైట్ నుంచి వచ్చేవారు పగడపు ముక్కను ముచ్చటపడి సామానులో పెట్టుకుని తేవడం నేను చూశాను. అది చనిపోయిన పగడమైనా సరే, విమానాశ్రయంలో పట్టుబడితే ఇబ్బందే. మీ వారికి ఈ మాట తప్పక చెప్పండి.

పగడం లేకుండా దిబ్బ ఎట్లా? రాళ్లతో. అక్వేరియం కోసం తయారు చేసిన, లోపల సన్నని రంధ్రాలుండే పొడిరాయి దొరుకుతుంది. సూక్ష్మజీవులు కాపురముండేది ఆ రంధ్రాలలోనే. మా మేనల్లుడు తాడిపత్రి బండ ముక్కలు వేద్దామన్నాడు. అది సున్నపురాయే కనుక ఆలోచన తప్పు కాదు, కానీ మరీ చిక్కనైన రాయి, లోపల చోటు ఉండదు. వద్దన్నాను గానీ, ఆ సందర్భంలో వాడికి ఒక సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను. మన జిల్లా తూర్పు అంచున మొదలై కడప వైపు సాగే వేంపల్లె రాతిపొరలలో స్ట్రోమటోలైట్లు ఉన్నాయి. ఉల్లిపొరల్లా కనిపించే ఆ గుర్తులు, లోతు తక్కువ సముద్రంలో సూక్ష్మజీవుల తెట్టెలు పొరమీద పొరగా కట్టిన దిబ్బలు. వాటి వయసు 180 కోట్ల ఏళ్లకు పైమాటే. పగడాలు పుట్టడానికి చాలా ముందే, మన కరువు నేల అంచున సముద్రమూ ఉంది, దిబ్బలూ ఉన్నాయి. వాడు ఆ ఆదివారం నన్ను మోటారుసైకిలుమీద అక్కడికి తీసుకువెళ్లేదాకా ఊరుకోలేదు. సరే, అది వేరే ముచ్చట.

చేపల ఎంపికలో మా పాత తప్పు మరొకటి ఉంది. మొదటిసారి తెచ్చిన వాటిలో ఒకటి నీలిరంగు సర్జన్ చేప; సినిమాలో చూసి వాడు ముచ్చటపడ్డాడు. అది పెరిగితే ముప్పై సెంటీమీటర్లు అవుతుంది. మా తొట్టి వెడల్పే నలభై! సముద్రంలో పట్టే చేపలను కొన్ని దేశాలలో సయనైడు చల్లి మత్తెక్కించి పట్టడం కూడా ఉంది; అట్లా వచ్చినవి కొన్ని వారాలకే రాలిపోతాయి. కనుక రెండోసారి, హేచరీలో పుట్టి పెరిగిన క్లౌన్ చేపలనే అడిగి తెచ్చుకున్నాము. నారింజరంగు మీద తెల్లని పట్టీలుండే ఈ చేపలను బంధనంలో పునరుత్పత్తి చేయించే విధానాన్ని మన కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో సాధించింది. అవి గుడ్డులో ఉన్నప్పటి నుంచి తొట్టినే ఎరుగును. మేత తినడం తెలుసు, మనిషిని చూసి బెదరవు. సముద్రపూవు ఉంటేనే అవి బతుకుతాయన్నది అపోహ. చిన్న తొట్టిలో ఆ సముద్రపూవే ముందు చస్తుంది, నీటిని పాడుచేసి మిగతావాటినీ తీసుకుపోతుంది. ఈ జంటలో పెద్దది ఆడది, చిన్నది మగది. అన్నీ మగవిగానే పుట్టి, పెద్దరికం వచ్చినది ఆడదిగా మారుతుంది. సృష్టికర్త ఏర్పాట్లు ఎన్ని విధాలో!

రెండు నెలల తరువాత ఒక అలంకారపు రొయ్యను, గాజుమీది నాచు తినే నాలుగు నత్తలను చేర్చాము. రొయ్య గురించి చెప్పేటప్పుడు లక్షద్వీప్ ప్రస్తావన మళ్లీ తేవాలి. అక్కడి అగత్తి దీవిలో జాతీయ మత్స్య జన్యువనరుల సంస్థ ఒక కేంద్రం పెట్టి, స్థానిక మహిళలకు అలంకారపు రొయ్యలను పెంచడంలో శిక్షణ ఇచ్చింది. ఆ దీవులలో దాదాపు అందరూ ముస్లిములే. దిబ్బను తవ్వకుండా, పిల్లలను తొట్లలో పెంచి అమ్ముకుంటే ఆ ఇళ్లకూ ఆదాయం, దిబ్బకూ రక్షణ. మన ఇళ్లలోని పిల్లల ముచ్చటకు డబ్బు వెళ్లవలసిన చోటు ఇటువంటిదే అని నా అభిప్రాయం.

ఇంతకు మించి మా తొట్టిలో ఏమీ లేదు. వంద లీటర్లకు అది చాలు. రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినగలిగినంతే మేత. ఈ నియమం అమ్మకు నచ్చదు. "ఆకలితో ఉన్న ప్రాణి కళ్లలా లేవూ అవి?" అంటుంది. ఒకసారి దావతు మిగులు నుంచి నాలుగు బిర్యానీ మెతుకులు వేయబోతుండగా నా భార్య చూసి ఆపింది. ఎక్కువ మేత, దానివల్ల ఎక్కువ అమ్మోనియా. తక్కువ మేత వల్ల చనిపోయిన చేపల గురించి నేను పెద్దగా వినలేదు.

ఖర్చు అడిగారు. తొట్టి, బల్ల, పరికరాలు, రాయి, ఉప్పు, పరీక్షా ద్రావణాలు, చేపలు అన్నీ కలిపి రెండోసారి మాకు 28,000 రూపాయలు అయింది. నెలకు ఉప్పుకు, రెసిన్‌కు, కరెంటుకు కలిపి సుమారు ఏడెనిమిది వందలు. ఇది చిన్న మొత్తం కాదు. ఇంటి అద్దెకో, బడి ఫీజుకో, అప్పుకో చెందిన డబ్బును దీనికి మళ్లించవద్దు. ఇంకొక ఖర్చు ఉంది, దాన్ని రూపాయల్లో చెప్పలేము. భర్త దూరదేశంలో ఉండగా ఇల్లు ఒంటరిగా నడుపుతున్న తల్లి మీరు. పిల్లవాడి ఉత్సాహం తగ్గితే ఆ పది లీటర్ల బకెట్టు మోసేది మీరే.

కనుక నా సలహా ఇది. ముందు తొట్టి, రాయి, ఉప్పు, పరీక్షా ద్రావణాలు మాత్రమే కొనండి. చేపలు వద్దు. ఒక నోటుపుస్తకం అబ్బాయి చేతికిచ్చి, నలభై రోజులపాటు ఖాళీ తొట్టిని చూసుకోమనండి: రోజూ వేడి ఎంత, ఉప్పు ఎంత, అమ్మోనియా ఎంత, ఎన్ని లోటాలు నీళ్లు పోశాడు అన్నది రాయాలి. పదో రోజున మానేస్తే సామాను అమ్మేయవచ్చు, ఏ ప్రాణికీ నష్టం లేదు. నలభై రోజులూ రాస్తే, ఆ పుస్తకం నాకు పంపమని చెప్పండి. చేపలు ఎక్కడ అడగాలో, బస్సులో ఎలా తేవాలో, సంచీలోని నీటికీ తొట్టి నీటికీ మెల్లగా ఎలా అలవాటు చేయాలో ఇన్షా అల్లాహ్ అప్పుడు రాస్తాను.

మా మేనల్లుడు ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుకు కర్నూలు వెళ్లిపోయాడు. తొట్టి మా వరండాలోనే ఉంది. వెళ్లేముందు గాజుమీద నీటిమట్టం దగ్గర పెన్నుతో ఒక గీత గీసి, పక్కన ఒక డబ్బా నిండా శుద్ధినీరు పెట్టి, నానీకి పని అప్పగించాడు. అమ్మ ఫజ్ర్ నమాజు ముగించుకుని వచ్చి, లోటాతో ఆ గీత వరకు నీళ్లు పోస్తుంది. ఒక్కోరోజు ఒకటిన్నర లోటా, ఎండ ముదిరితే మూడు. పోసే ముందు ప్రతిరోజూ నన్ను అడుగుతుంది, "ఇందులో ఉప్పు లేదు కదా?" అని. లేదమ్మీ అంటాను. నా మాటమీద నమ్మకం లేక, చిటికెనవేలు ముంచి నాలుకకు తగిలించి చూసుకుని, అప్పుడు పోస్తుంది.